ఎర్రగుంట్ల స్టేషన్లో తెల్లచొక్కా

ఆ రోజుల్లో మా జమ్మలమడుగు వైపు "ఏ ఊరప్పా మీది?" అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పే ముందు ఓసారి వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు. ఊరి పేరు చెప్పడానికి కూడా భయమేమిటంటారు. ఊరి పేరు చెబితే ఆ ఊరి పెద్దాయన ఎవరో తెలిసిపోయేది. పెద్దాయన ఎవరో తెలిస్తే పార్టీ ఏదో తెలిసిపోయేది. పార్టీ తెలిశాక మన చదువు, మంచితనం, ముఖవర్చస్సు ఇవేవీ ఎవరికీ అక్కర్లేదు. మా ఊళ్ళో పుట్టిన మేకపిల్ల కూడా పుట్టగానే మా పెద్దాయన పార్టీలో చేరిపోయినట్టే లెక్క. నిజానికి మా ఇంట్లో పార్టీ అంటూ ఏమీ లేదు. తాతల నాటి నుంచీ గొర్రెలూ మేకలూ. నాయన కాలం నుంచి వాటికి తోడు కాస్త సేద్యం. నేను నాలుగు అక్షరాలు నేర్చుకుని జమ్మలమడుగు పశువుల ఆస్పత్రిలో అప్పుడే కొత్తగా ఉద్యోగంలో చేరాను. గొర్రెలకు సూదులు వెయ్యడం, ఎద్దులకు గొట్టంతో మందు తాగించడం నా పని. ఇక ధైర్యం సంగతంటారా, పొట్టేలు తల వంచిందంటే నేను గోడ మీద ఉండేవాణ్ణి. (ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఆస్పత్రి గోడలన్నీ నాకు పరిచయమయ్యాయి.)

మా అమ్మకు ఒక తమ్ముడు ఉండేవాడు. నేను నిక్కర్లు వేసుకునే రోజుల్లోనే బొంబాయి వెళ్ళి మిల్లులో చేరి, మళ్ళీ ఇటువైపు తొంగి చూడలేదు. ఆ మామ ఇన్నేళ్ళకు వస్తున్నాడని తెలిసి అమ్మ పొంగిపోయింది. జమ్మలమడుగులో ఫోను బూత్‌కు వెళ్ళి, బొంబాయికి వినపడాలని వీధి వీధంతా వినపడేటట్టు అరిచి చెప్పింది. "నువ్వు ఎర్రగుంట్లలో దిగు. నా కొడుకు స్టేషనుకొస్తాడు. తెల్లచొక్కా ఏసుకోనుంటాడు. తెల్లచొక్కా చూసుకో!" అప్పట్లో మా జిల్లాలో సగం మంది మగవాళ్ళు తెల్లచొక్కాల్లోనే తిరుగుతుండేవాళ్ళన్న సంగతి అమ్మకు తట్టలేదు. పక్కనే నిలబడి తలూపిన నాకూ తట్టలేదు.

బయలుదేరే రోజు పొద్దున నాయన నన్ను వాకిట్లోకి పిలిచాడు. అంతకు కొద్ది రోజుల ముందే సంతలో మా ఊరివాళ్ళకూ అవతలి పార్టీ వాళ్ళకూ మధ్య రాళ్ళు లేచాయి. రెండు వైపులా తలలు పగిలాయి. ఊరిలో మగవాళ్ళు ఒంటరిగా పొలిమేర దాటడం మానుకున్నారు. నాయన తక్కువ మాట్లాడే మనిషి. "యాడన్నా ఎవురన్నా ఊరడిగితే ఈడే అని చెప్పు. ఊరి పేరు మాత్రం నోట్లో నుంచి రానీయొద్దు. ఎవురేం అడిగినా ఊఁ అను, అంతే. తిన్నగా పో, తిన్నగా మీ మామను పిలుచుకోని రా" అన్నాడు. నేను అప్పుడే అక్కడే "ఊఁ" అన్నాను.

ప్రొద్దుటూరంత ఊరికి, వీధుల నిండా బంగారం అంగళ్ళున్న ఊరికి, ఆ కాలంలో రైలు లేదు. రైలెక్కాలన్నా దిగాలన్నా జనమంతా ఎర్రగుంట్లకు రావలసిందే. అందుకే ఎర్రగుంట్ల స్టేషను బయట ఎప్పుడు చూసినా తిరునాళ్ళలాగా ఉండేది. రైలు దిగినవాళ్ళను ప్రొద్దుటూరికి తీసుకుపోవడానికి బస్సులూ ఆటోలూ. రైలెక్కేవాళ్ళ కోసం ట్రంకుపెట్టెల అంగడి, దుప్పట్ల అంగడి, అరటిపండ్ల బండ్లు. ఎక్కనూ దిగనూ పని లేనివాళ్ళ కోసం టీ హోటళ్ళు. నాపరాళ్ళ లారీలు లేపిన తెల్లటి దుమ్ము అన్నింటి మీదా సమానంగా పడుతుండేది. నేను తెల్లచొక్కా నలగకుండా బస్సులో నిలబడే వచ్చి స్టేషన్లోకి అడుగుపెట్టేసరికి, బొంబాయి రైలు ఆలస్యమన్నారు. ఎంత ఆలస్యమని అడిగితే, వచ్చినప్పుడు తెలుస్తుందన్నారు. ఫ్లాట్‌ఫారం మీద తిరుగుతున్న ఫ్యాను ఒక్కటే ఉంది. దాని కింద బరువు చూసే మిషను ఉంది. వెళ్ళి అక్కడ నిలబడ్డాను.

కాసేపటికి ఇద్దరు మనుషులు వచ్చి నాకు కొంచెం దూరంలో ఆగారు. ఒకాయనకు ఇంతింత మీసాలు, భుజం మీద తువ్వాలు. రెండో ఆయన పెద్దవయసు, బక్కగా, ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉన్నాడు. మీసాలాయన నన్ను తల నుంచి కాళ్ళ దాకా చూసి, బక్కాయన చెవిలో చెప్పాడు. చెవిలో చెప్పానని ఆయన అనుకున్నాడు గానీ, గొర్రెల మందను అదిలించే గొంతు అది. "తెల్లచొక్కా, మిషను కాడ నిలబడుండాడు. ఈ పిల్లోడే."

నేను మిషను చాటుకు జరిగాను. ఇద్దరూ దగ్గరికొచ్చారు.

"ఒక్కడివే వచ్చినావా అప్పా?" అన్నాడు మీసాలాయన.

"ఊఁ" అన్నాను. అన్న తర్వాత నాలుక కరుచుకున్నాను. బయట పదిమంది ఉన్నారని చెబితే ఎంత బాగుండేది!

"మంచి పని చేసినావు. ఎక్కువ మంది లేకుంటేనే మేలు. గొడవ లేకుండా అయిపోతాది. ఊర్నించే నేరుగా వచ్చినావా?"

"ఊరా? ఊరు... ఈడే."

మీసాలాయన నవ్వి నా భుజం తట్టాడు. "తెలివైనోడే. ఆ పేరు ఈడ ఎత్తకపోవడమే మంచిది. మాకు అంతా తెలుసులేప్పా. నువ్వు పొద్దున ఎన్ని గంటలకు ఇల్లు వదుల్తావో, ఏ బస్సెక్కుతావో, సాయంత్రం ఏ దావన ఇంటికొస్తావో అన్నీ ఇచారించే వచ్చినాం."

ఇది విన్నాక నేను మిషనును గట్టిగా పట్టుకున్నాను. బక్కాయన నా ముఖమే చూస్తున్నాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మంచి పిల్లోని మాదిరే ఉండాడురా. అయినా నాకెందుకో దిగులుగా ఉండాది" అన్నాడు తన తమ్ముడైన మీసాలాయనతో.

"దిగులేంటికి అన్నా? ఎప్పుడో ఒకప్పుడు చేయాల్సిన పనే గదా! రా అప్పా, బజార్లోకి పోదాం. ఆడ మావాళ్ళుండారు, వాళ్ళు గూడా నిన్ను ఒకసారి చూస్తారు."

ఇది చదువుతున్న మీకు విషయం ఈపాటికే అర్థమై ఉంటుంది. అక్కడ నిలబడి ఉన్న నాకు మాత్రం కాలేదు. వాళ్ళు పులివెందుల వైపు ఊరివాళ్ళు. బక్కాయన కూతురికి ముద్దనూరు వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తా. అంతా బాగానే ఉంది గానీ, వాళ్ళ ఊరు ఒక పార్టీ, వీళ్ళ ఊరు ఇంకో పార్టీ. ఒకరి ఇంటికి ఒకరు వెళితే రెండు ఊళ్ళ పెద్దాయనలకూ జవాబు చెప్పుకోవాలి. అందుకని ముందు ఎవరికీ తెలియకుండా, ఎవరి ఊరూ కాని ఎర్రగుంట్లలో, రైలు కోసం వచ్చినట్టు వచ్చి, పిల్లా పిల్లోడూ చూసుకునేలా ఏర్పాటు చేసుకున్నారు. మధ్యవర్తి వస్తే అందరినీ కలిపేవాడే. ఆయనకు జ్వరమొచ్చి, "తెల్లచొక్కా ఏసుకోని బరువు మిషను కాడ ఉంటాడు" అని మాత్రం చెప్పి పంపాడు.

ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. అప్పుడు తెలిసింది ఒక్కటే: కుడి పక్క మీసాలాయన, ఎడమ పక్క బక్కాయన, మధ్యలో నేను, స్టేషను దాటి బజార్లోకి నడుస్తున్నాం. బయట చింతచెట్టు కింద ఒక జీపు ఆగి ఉంది. ఆ రోజుల్లో జీపంటే మాకు ఏం గుర్తొచ్చేదో చెప్పనక్కర్లేదు. మీసాలాయన డ్రైవరుతో "బండి తిప్పి పెట్టుకో" అన్నాడు. పారిపోదామని చూశాను. ఎదురుగా అరటిపండ్ల బండి, వెనక లారీ. పోలీసు ఎక్కడైనా ఉన్నాడా అని చూశాను. ఉన్నాడు, మీసాలాయనకు నమస్కారం పెట్టాడు.

నన్ను టీ హోటల్లో కూర్చోబెట్టి మైసూరుపాకు, కారాబూందీ తెప్పించారు. "తిను, సిగ్గుపడొద్దు. బాగా తిను" అని బక్కాయన తన ప్లేటు కూడా నా వైపు జరిపాడు. జాతరకు వదిలిన పొట్టేలికి మా నాయన శనగలు పెట్టేటప్పుడు కూడా ఇదే గొంతుతో మాట్లాడేవాడు. మైసూరుపాకు నోట్లో పెట్టుకున్నాను. అది అటూ పోలేదు, ఇటూ రాలేదు. ఇంతలో మీసాలాయన నన్ను లేచి నిలబడమని, అన్నను నా పక్కన నిలబెట్టి, రెండు తలల మీదా అరచెయ్యి ఆనించి చూశాడు. "ఎత్తు సరిపోతాదిలే అన్నా" అన్నాడు తృప్తిగా. దేనికి సరిపోతుందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

"ఈ నెల్లోనే కానిచ్చేద్దామా?" అన్నాడు బక్కాయన.

"ఈ పిల్లోనికి ఎప్పుడనుకూలమో అడుగుదాం. ఏమప్పా, నీకెప్పుడైతే బాగుంటాది?"

పీక కొయ్యాల్సిన మనిషిని ఇంత మర్యాదగా తేదీ అడిగే ముఠా గురించి నేను ఎన్నడూ వినలేదు. నా బుర్ర పూర్తిగా తిరిగిపోయింది. "మా నాయన్ని అడగాల" అన్నాను ఏడుపు గొంతుతో. అన్నదమ్ములిద్దరూ ఒకరినొకరు చూసుకుని మురిసిపోయారు. "ఈ కాలంలో కూడా నాయన మాట దాటనోడు! యాడ దొరుకుతాడు అన్నా ఇట్లాంటోడు?" అన్నాడు మీసాలాయన.

హోటలు పక్కనే గాజుల అంగడి. ఆ అంగడి నడిపే గడ్డం సాయిబును అందరూ భాయ్ అని పిలిచేవాళ్ళు. లోపల ఒక పెద్దావిడా, ఆమె వెంట ఒక అమ్మాయీ గాజులు చూస్తున్నారు. పెద్దావిడ అమ్మాయికి మేనత్తట. నన్ను అంగట్లోకి పంపి అన్నదమ్ములిద్దరూ గడప బయట నిలబడ్డారు. మేనత్త నన్ను ఎగాదిగా చూసి, ముసిముసిగా నవ్వి, రిబ్బన్లు చూసే నెపంతో అవతలికి జరిగింది. నేను మాత్రం దొడ్డివాకిలి ఎక్కడుందా అని వెతుకుతున్నాను. లేదు. అటువైపు గాజుల బీరువా అడ్డంగా ఉంది.

అమ్మాయి గాజులు తిప్పుతూ, తల ఎత్తకుండా, గబగబా చెప్పింది. "ఇదో, ఎక్కువ టైము లేదు. నీకు ఇష్టం లేదని చెప్పెయ్యి. నేను చెప్తే ఎవురూ ఇనరు."

ఆ ముఠాలో నా మేలు కోరే మనిషి ఒకరైనా ఉన్నారని నాకు ప్రాణం లేచొచ్చింది. "ఇష్టం లేదక్కా! ఎవురికి మాత్రం ఇష్టముంటాదక్కా!" అన్నాను.

గాజులు తిరగడం ఆగిపోయింది. "అక్కనా?"

"అమ్మా అనమంటే అమ్మా అంటా. నన్ను ఎట్లన్నా పంపించెయ్యి తల్లీ, దండం పెడ్తా. మాది పార్టీ ఇల్లు గాదు. గొర్లు కాసుకునేటోళ్ళం. నేను పశువులాస్పత్రిలో సూదులేస్తా. ఎవురి గొర్లకైనా ఏస్తా, పార్టీ చూసుకోను."

"సూదులా? నువ్వు సిమెంటు ఫ్యాక్టరీలో గుమాస్తావి గదా?"

"కాదక్కా."

"మరి నువ్వెవురు?"

"తెలీదక్కా" అన్నాను. అడిగింది నా గురించే. అయినా నోటికి వచ్చిన జవాబు అదే.

ఆమెకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకుందామని గాజుల పెట్టె పట్టుకుంటే, ఆ పెట్టెలోని గాజులన్నీ ఆమెతో పాటు గలగలమన్నాయి. భాయ్ కంగారుగా "క్యా హువా బేటీ, సైజు సరిపోలేదా?" అన్నాడు.

"సైజు గాదు భాయ్, మనిషే సరిపోలేదు" అంది.

అప్పుడు నాకు విడమరిచి చెప్పింది. వాళ్ళు నన్ను చంపడానికి తీసుకురాలేదనీ, ఇది పెండ్లిచూపులనీ, తనకు టీచరు ట్రైనింగులో సీటొచ్చిందనీ, పెండ్లయితే పంపరనీ, అందుకే పెండ్లికొడుకు చేతనే వద్దనిపించాలని చూస్తున్నదనీ. బతికినందుకు ఏడవాలో, నన్ను ఇంత గౌరవంగా చూసినందుకు సిగ్గుపడాలో తెలియలేదు.

"సరేగానీ, నాకొక మేలు చెయ్యి" అంది ఆమె మెల్లగా. "నువ్వెవురో వాళ్ళకింకా తెల్దు. నువ్వే పెండ్లికొడుకైనట్టు వద్దని చెప్పేసి, ఆ జనంలో కలిసిపో. మిగతాది నేను చూసుకుంటా."

బతికి బయటపడ్డవాడి ధైర్యం వేరుగా ఉంటుంది. సరేనన్నాను. గడప దాకా వీరుడిలాగే నడిచాను. "నాకు ఈ సంబంధం ఇష్టం లేదు" అనే మాటను దారిలో మూడుసార్లు లోలోపల అనుకున్నాను కూడా. గడప దగ్గర మీసాలాయన తన బరువైన చెయ్యి నా భుజం మీద వేసి, ముఖం ముఖానికి దగ్గరగా పెట్టి, "ఏమప్పా, ఏమంటావు?" అన్నాడు. మీసం నా చెంపకు తగిలింది.

"శానా బాగుండాది" అన్నాను.

ఆయన నన్ను ఎత్తి కావలించుకున్నాడు. బక్కాయన ఈసారి దాచుకోకుండానే ఏడ్చాడు. మేనత్త భాయ్‌కి మైసూరుపాకు పెట్టింది. లోపల ఆ అమ్మాయి నుదురు కొట్టుకున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. ఇక లాభం లేదనుకుని ఆమే గడప దగ్గరికి వచ్చింది. "నాయనా, ఈయప్ప గాదు పెండ్లికొడుకు. గొర్లకు సూదులేసేటాయప్ప. ఊరికే వచ్చినాడు మన యెంబడి."

మీసాలాయన నన్ను కిందికి దించాడు. "నిజమేనా?"

"ఊఁ."

"మరి నువ్వెందుకొచ్చినావు మాతో?"

"మీరు రమ్మంటిరి గదా."

"రమ్మంటే వచ్చేస్తావా! ఎవురూ ఏందని అడగొద్దా?"

ఆ రోజుల్లో అడగనివాళ్ళే ఇంటికి చేరతారని మాకు నేర్పారు. ఆ సంగతి ఆయనకూ తెలుసనుకుంటాను, ఎందుకంటే ఆయన మళ్ళీ రెట్టించలేదు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "భయపడినావా?" అన్నాడు మెత్తగా. నేను తల ఊపాను. "మేమూ భయపడే వచ్చినాంలే" అన్నాడు.

ఇంతలో స్టేషన్లో రైలు కూత వినిపించింది. అప్పుడు గుర్తొచ్చారు మాకు, వాళ్ళకు అసలు పెండ్లికొడుకు, నాకు మా మామ. అందరం పడుతూ లేస్తూ పరిగెత్తాం. మేం చేరేసరికి రైలు వచ్చి వెళ్ళిపోతోంది. దిగిన జనం బయటికి వస్తున్నారు. ఆ జనంలో ముందుగా ఒక ట్రంకుపెట్టె కనిపించింది. దాని కింద తెల్లచొక్కా తొడుక్కున్న ఒక యువకుడు చెమటలు కక్కుతూ నడుస్తున్నాడు. అతని రెండు చేతులకూ రెండు సంచులు వేలాడుతున్నాయి. వెనక నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, చేతులూపుకుంటూ మా మామ. "బిన్నా నడువురా, జల్దీ! ఒళ్ళొంచి పని చేసే అలవాటు లేనట్టుందే నీకు! మీ నాయన గొర్లు ఎన్నుండాయిప్పుడు? మేపేది నువ్వేనా?"

ఆ అబ్బాయి ట్రంకుపెట్టె దబ్బున కింద పడేశాడు. పాపం, మిషను దగ్గర తెల్లచొక్కాతో నిలబడి ఉండగా మామ రైలు దిగి నేరుగా వచ్చి వాటేసుకున్నాడట. పిల్ల తరఫు పెద్దమనిషేమో, పరీక్ష పెడుతున్నాడేమో అనుకుని అప్పటిదాకా ఓర్చుకున్నాడు. గొర్రెల దగ్గరికి వచ్చేసరికి ఓర్పు అయిపోయింది. "గొర్లు మేపేటోని మాదిరి కనపడ్తాండానా నేను?" అని అరిచాడు.

బక్కాయన చేతులు జోడించి "నాయనా, మాదే తప్పు" అంటూ ముందుకు వెళ్ళాడు. అబ్బాయి వినలేదు. పెండ్లికి ముందే మూటలు మోయించే ఇంట్లో పెండ్లయ్యాక ఏం మోయిస్తారో అన్నాడు. మోయించింది వాళ్ళు కాదు, మా మామ అని నేను చెప్పబోయాను. "నువ్వెవురు?" అన్నాడు. ఆ రోజు ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్ళలో అతను రెండోవాడు. ఈసారి మాత్రం నా పేరూ, మా నాయన పేరూ, భయం మరిచిపోయి మా ఊరి పేరుతో సహా చెప్పేశాను. మా ఊరి పేరు వినగానే అతను ఒక అడుగు వెనక్కి వేసి, చొక్కా దులుపుకుని, ముద్దనూరు బస్సు వైపు వెళ్ళిపోయాడు. సంబంధం అక్కడితో సరి. పులివెందుల వాళ్ళు జీపెక్కారు. ఎక్కే ముందు బక్కాయన నా దగ్గరికి వచ్చి, తినకుండా వదిలేసిన మైసూరుపాకు పొట్లం కట్టించి తెచ్చానంటూ నా చేతిలో పెట్టాడు. నేను దాన్ని పట్టుకుని నిలబడ్డాను. జీపు వెనక సీట్లో నుంచి ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గినట్టు వినిపించింది. తల ఎత్తి చూసేసరికి దుమ్మే కనిపించింది.

జమ్మలమడుగు బస్సులో మామ నా పక్కన కూర్చుని, పొట్లం విప్పి తింటూ అడిగాడు. "మన జిల్లా గురించి బొంబాయిలో శానా చెడ్డగా చెప్పుకుంటారురా. ఒక్కడివే వచ్చినావు గదా, ఎవురన్నా ఏమన్నా చేసినారా?"

"ఏం చేయలేదు మామా" అన్నాను. "టిఫిన్ పెట్టి, పిల్లనిస్తామన్నారు."

ఆ అమ్మాయి ఆ ఏడాదే ట్రైనింగుకు వెళ్ళిందని చాన్నాళ్ళ తర్వాత విన్నాను. మా ఆస్పత్రికి పులివెందుల వైపు నుంచి గేదెను తోలుకొచ్చిన ఒకాయన చెప్పాడు. కుదిరినట్టే కుదిరి సంబంధం తప్పిపోతే దిగులుపడిన బక్కాయన, ఇంకో సంబంధం దొరికేదాకా చదువుకోనీలే అన్నాడట. ఆ తర్వాత వేంపల్లి దగ్గర ఎక్కడో బడిపంతులమ్మ అయిందనీ, పెండ్లీ పిల్లలూ అన్నీ సలక్షణంగా అమరాయనీ తెలిసింది. వినగానే నాకు సంతోషం కలిగింది. అందులో నా గొప్ప కూడా కాస్త ఉందని అనుకుని, లేదని తెలుసుకుని, అయినా అనుకున్నాను.

నాకూ పెండ్లయింది, పిల్లలయ్యారు, ఉద్యోగం కూడా అయిపోయింది. ఈ కథ మా ఆవిడకు చెబితే, "ఇంతకీ ఆ పిల్ల ఎట్లుంటాదో చెప్పు" అంటుంది. అదే చెప్పలేను. గంటసేపు జరిగిన పెండ్లిచూపుల్లో నేను జీపును చూశాను, మీసాలు చూశాను, పోలీసును చూశాను, గాజుల బీరువా కూడా చూశాను. పిల్లను మాత్రం చూడలేదు. ఆమె ఇప్పుడు ఎదురుగా వచ్చి నిలబడినా గుర్తుపట్టలేను. కానీ ఆమె నన్ను గుర్తుపట్టగలదు, నన్ను ఎగాదిగా చూడటానికేగా అంతదూరం వచ్చింది. అందుకే, పని మీద ఎర్రగుంట్లలో బస్సు మారవలసి వచ్చినప్పుడల్లా, దిగే ముందు అద్దంలో చూసుకుని తల దువ్వుకుంటాను. దువ్వుకోవడానికి అక్కడ పెద్దగా ఏమీ మిగల్లేదనుకోండి.